వెనక్కి నడిచిన గంగరాయి

ఘోషిణీ నది ఆ రోజు నోరు మెదపడం లేదు.

ఆ నదికి ఆ పేరు ఊరికే రాలేదు. ఏడేళ్ల కిందటి వరకు వానాకాలంలో దాని హోరు ఆమడ దూరం వినిపించేది. ఒడ్డున ఉన్నవాళ్లు మాటలు మానుకుని సైగలతో సంసారాలు నడుపుకునేవాళ్లు. అలాంటి ఏరు, శ్రావణమాసపు మబ్బులు కొండల నెత్తిన నల్లగా పేరుకున్న ఆ పూట, ఇసుకలో పిల్లకాలువలా పారుతోంది. ఒడ్డున ఒక్క కొంగ లేదు. కప్పలు ఇసుక దాటి, గట్టు దాటి, ఎవరో తరిమినట్టు మెట్టకేసి గెంతుకుంటూ పోతున్నాయి. వాటిని చూసి రత్నవాటిక పిల్లలు చప్పట్లు కొట్టి నవ్వుతున్నారు.

ఏటి ఒడ్డున కొత్తగా వెలసిన పట్టణం రత్నవాటిక. ఏం పట్టణమండీ అది! వెన్నెల పూసినట్టు సున్నపు మేడలు, వీధి మలుపుకో మకరతోరణం, నడిచేవాడి నీడ కనిపించేంత నున్నగా రాజవీధిలో పరిచిన నల్లరాతి పలకలు. వాటన్నిటికీ తలమానికంగా నదికి ఎదురుగా రాజసౌధం. దాని పాలరాతి మెట్లు నేరుగా ఇసుకలోకి దిగుతాయి. పై అంతస్తు కిటికీలో పట్టపగలే ఒక దీపం వెలుగుతోంది. చూసినవాడికి ఆకలి మరపించే అందం. కుంభగిరి యువరాజు అరిందముడు మాత్రం ఆ ఊరు కంటబడగానే వెనక్కి తిరిగి ఏటి ఎగువకేసి చూశాడు.

నిన్న సాయంత్రం అతను అక్కడ, మూగలోయలో, చూసిన దృశ్యం అలాంటిది. లోయ మొగదలలో, ఆనకట్ట లేదు, గట్టు లేదు, ఏడేళ్ల వరదనీరు తాటిచెట్లను మించిన ఎత్తున నిట్టనిలువుగా నిలబడి ఉంది. మాంత్రికుడు పాషాణభట్టు మంత్రం వేసి నిలబెట్టిన నీటిగోడ అది. లోపల చేపలు, చెట్ల మానులు, ఒక ఎద్దు కళేబరం మెల్లగా తిరుగుతున్నాయి. గోడ నిండా పగుళ్లు. పగులు పగులులోంచీ నీరు సూదుల్లా చిమ్ముతోంది. ఇవాళ పొద్దు వాలేలోగా ఆ గోడ కూలుతుంది. కూలిన నీటిలో ఎన్ని ప్రాణాలు కలిస్తే పాషాణభట్టుకు అన్నేళ్ల ఆయుష్షు. అరిందముడూ, అతని నేస్తం గుమ్మడయ్యా గుర్రాలు నురగలు కక్కి కూలబడేదాకా తోలుకుంటూ వచ్చింది ఈ కబురు చెప్పడానికే.

చెప్పాలంటే ముందు తల ఉండాలి కదా. పూర్వులు పాతిన గంగరాళ్లు కదిలించవద్దని నిండుసభలో తండ్రికి ఎదురు చెప్పినందుకు అరిందముడికి దేశబహిష్కారం పడింది. పొలిమేరలో కనబడితే తల తీయమని స్వయానా తండ్రి వీరకీర్తి మహారాజు ఆజ్ఞ. అందుకే యువరాజు నెత్తికి మాసిన గుడ్డ చుట్టి, భుజాన ఉలీ సుత్తీ ఉన్న జోలె తగిలించుకుని, తిరగళ్లకు కక్కు కొట్టేవాడిగా ఊళ్లోకి వచ్చాడు. అరిగిపోయిన తిరగలిరాళ్లకు ఉలితో గాట్లు పెట్టే ఆ పనివాళ్లు ఏ ఇంటి ముందైనా ఆగవచ్చు, ఎవరూ మొహం చూడరు. గుమ్మడయ్య అతని భార్యగా చీర కట్టాడు. మీసం తీయనని మొండికేసి, కొంగు అడ్డం పెట్టుకున్నాడు.

“తిరగళ్లకు కక్కు కొడతాం! రోళ్లకు కక్కు కొడతాం!” అని అరిందముడు అరుస్తూ ఉంటే, పూటకూళ్ల సూరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. లావుపాటి మనిషి, గట్టి గొంతు.

“ఇవాళ ఏం కక్కయ్యా నీ మొహం? పొయ్యిలు ఆర్పేసి, తలుపులు బార్లా తీసి, ఊరంతా మెట్టవైపు పై వాకిటికి పోతుంటేనూ! సరేలే, వచ్చావు గనక త్వరగా కానియ్. పప్పు విసిరితే పప్పు పప్పుగానే వస్తోంది.”

అరిందముడు తిరగలి ముందు కూచుని ఉలి పట్టాడు. “ఏంటమ్మా ఈ హడావిడి?”

“ఏ దేశం వాడివయ్యా? ఇవాళ పెద్దమ్మ రాయి దిగుతోంది. మిగతా గంగరాళ్లన్నీ ఒడ్డుకి చేరిపోయాయి, ఈ పెద్దదే ఆఖరు. ఇది కూడా ఇసుకలో కూచుందంటే ఇక ఏరు మన గుమ్మం మెట్టు తాకదు.”

ఆ రాళ్ల సంగతి ఇక్కడ చెప్పకపోతే ఈ జనం ఎంత ముచ్చటగా తప్పు చేశారో తెలియదు. వెనకటికి కుంభగిరిని ఏలిన దండధరుడనే రాజు కాలంలో ఘోషిణికి ఒక వరద వచ్చి, ఊరు సగం, ఆయన రాణితో సహా పట్టుకుపోయింది. నీరు తీశాక ఆ రాజు ఏడుస్తూనే నడిచాడట. చెత్తాచెదారం, చచ్చిన పాములు ఎంతవరకు కొట్టుకొచ్చి ఆగాయో అంతవరకు నడిచి, ఆ గీత వెంబడి రాళ్లు పాతించాడు. రాయికి దిగువ నేల ఏటిది అన్నాడు. అక్కడ దోసపాదు పెట్టుకో, పశువుల్ని మేపుకో, మంచెకు నాలుగు గుంజలు పాతుకో. ఇటుక పేర్చకు, సున్నపు గోడ లేపకు, గాదె కట్టకు. లేపితే ఆ గోడ ఏటికంటే ముందు రాజే పడగొడతాడు.

ఆ తరవాత ఏటేటా వరద వచ్చింది, పోయింది. దోసకాయలు పోయాయి, మనుషులు పోలేదు. కొడుకులకు కారణం గుర్తుంది. మనవలు రాళ్లకు పసుపు రాశారు. మునిమనవలు కోళ్లు కోశారు. వాళ్ల పిల్లలు వచ్చేసరికి, ఊరు మునగనిది ఆ రాళ్ల మహిమ వల్లనేనని తేల్చేశారు. మనిషి మెడకు వేసిన పలుపును ఏటి మెడలో ఉందనుకుని నిశ్చింతగా నిద్రపోయారు. అప్పుడు వచ్చాడు పాషాణభట్టు. అతను పెద్ద ఉపన్యాసాలేవీ ఇవ్వలేదు. “ఏటిని ఆపేది రాయే అయితే, రాయినే ఇంకాస్త కిందికి జరిపితే పోదా? ఇంత నేల ఎందుకు వృథా?” అన్నాడు. అందరూ అరె, నిజమే అన్నారు. అక్కణ్నుంచి ఏడేళ్లు వరద రాలేదు. ఎందుకు రాలేదో అరిందముడు నిన్ననే కళ్లారా చూశాడు.

“ఊరంతా పోవాలా అమ్మా? ముసలీ ముతకా?” అని అడిగాడు అతను.

“అంతా! బాలింతలూ, పసిగుడ్లూ, మంచం పట్టినవాళ్లూ. నడవలేనివాళ్లను మోసుకుపోవాలి. ఇంటికో మోకు రాతిబండికి వెనక కట్టి పట్టుకోవాలి. రాయి కుదురుగా కూచునేదాకా మోకు వదలకూడదు, సడలనివ్వకూడదు. సడలితే ఆ ఇల్లు నిలవదు.” సూరమ్మ తన మోకును ముద్దుగా నిమిరింది. “ఒక్క చిన్న దొరసానికే మినహాయింపు. పాపం, తరళమ్మ మేడలో దీపం ముందు కూచుంది. రాయి ఆ గడప తాకేదాకా లేవకూడదట. ఆ దీపం దేశం పట్టిపోయిన అన్నగారి ప్రాణమని భట్టుగారు చెప్పాడు. కొండెక్కిందా, అన్న పోయినట్టే. అన్నం తినమన్నా తినట్లేదు పిచ్చితల్లి.”

ఉలి జారి అరిందముడి బొటనవేలు చీరింది. రక్తం తిరగలి మీద పడింది. అతను చూసుకోలేదు. అమ్మ పోతూ పోతూ చెల్లెలు తరళ చెయ్యి తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆ పిల్లను ఇవాళ ఏటి నోట్లో కూచోబెట్టింది తన మీద ఉన్న ప్రేమే అని తెలిసేసరికి అతను ఉలీ సుత్తీ జోలెలో పడేసి లేచాడు.

వీధిలోకి రాగానే గుమ్మడయ్య కొంగు తీసి పారేశాడు.

“దొరా, ఇంకేం ఆలోచించకండి. చెల్లెమ్మగారిని భుజాన వేసుకుని మెట్టకి పరిగెత్తుదాం. మనం ముగ్గురమైనా మిగుల్తాం.”

“మరి వీళ్లు?”

“మీరు చెబితే వింటారా వీళ్లు? మొన్న చెప్పినందుకేగా తల మీదికొచ్చింది!”

“నా మాట వినరు. రాయి మాట వింటారు.” అరిందముడు జోలె బిగించాడు. “గుమ్మడీ, నువ్వు మేడకి పో. తరళను ‘గోరింకా’ అని పిలు. ఆ పేరు మా ఇద్దరికే తెలుసు, నేను పంపానని నమ్ముతుంది. తీసుకుని మెట్టకి రా. నేను రాయి దగ్గరికి పోతున్నాను.”

“మీసం చూసి కేక పెడితే?”

“పెట్టనీ. ఎత్తుకురా.”

గుమ్మడయ్య చీర ఎగ్గట్టి నది వైపు పరుగు తీశాడు. అరిందముడు ఎదురు దిక్కున పడ్డాడు.

అప్పటికే బూరలు మోగాయి. పై వాకిట్లోంచి పెద్దమ్మ రాయి రాజవీధిలోకి దిగింది. ఏనుగంత రాయి. తరతరాల పసుపూ కుంకుమా నూనే పేరుకుని తోలు కప్పినట్టు మెరుస్తోంది. దాన్ని మొద్దుచక్రాల బండి మీద పడుకోబెట్టి, ముందు పట్టపుటేనుగు జీమూతాన్ని ఇనుపగొలుసుతో కట్టారు. అది పల్లానికి లాగుతూ ఉంటే, బండి జారిపోకుండా వెనక ఊరు ఊరంతా మోకులు పట్టి నిలవేస్తోంది. ఆ మోకులు పెద్దమ్మ వెనక విరబోసిన జడల్లా ఉన్నాయి. వీధి నిండా, వాకిలి దాటి కూడా జనమే. తాతల్ని వీపున వేసుకున్నవాళ్లు, చంటిబిడ్డల్ని తట్టల్లో పెట్టుకున్నవాళ్లు. అందరికంటే ముందు, చెప్పులు లేని కాళ్లతో, చేతిలో బంగారు గునపంతో వీరకీర్తి మహారాజు. రాతి మీద బాసింపట్టు వేసుకుని పాషాణభట్టు. మెడలో గులకరాళ్ల దండ, బూడిదరంగు కళ్లు. ఆ కళ్లు జనాన్ని చూడటం లేదు, లెక్కపెడుతున్నాయి.

అరిందముడు జనంలోంచి తోసుకుంటూ వచ్చి, రెండు వేళ్లు నోట పెట్టి ఈల వేశాడు. చిన్నప్పుడు ఆ ఏనుగుకు చెరుకుగడ దొంగిలించి తెచ్చి వేసిన ఈల అది. జీమూతం టక్కున ఆగింది. చెవులు విప్పింది. మావటి అంకుశంతో పొడిచాడు, కదల్లేదు. తొండం ఎత్తి గాలి పీల్చి, చిన్నపిల్లలా కేరింత కొట్టింది.

“ఎవడ్రా వాడు?” అని మహారాజు వెనక్కి తిరిగాడు.

ఆ లోపల అరిందముడు బండి కిందికి దూరి, గొలుసు శీల మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టాడు. శీల ఎగిరిపోయింది. గొలుసు ఊడిపడిన చప్పుడుకు జనం హాహాకారం చేశారు. బండి పల్లానికి ఒరిగింది. మోకులన్నీ వీణతీగల్లా బిగిశాయి. అరిందముడు జీమూతం దంతం పట్టుకుని మెడ మీదికి ఎగబాకి, మావటిని కిందికి నెట్టి, చెవి వెనక కాలితో నొక్కాడు. అది గిర్రున తిరిగి, బండికి నుదురు ఆనించి, ఒక్క తోపు తోసింది.

పెద్దమ్మ రాయి పైకి కదిలింది!

రాయి పైకి జరగ్గానే మోకులు సడలాయి. “అయ్యో, మోకు సడలిందే!” అని ఎవరో గుండె బాదుకున్నారు. ఇంటిల్లిపాదీ గబగబా వెనక్కి నడిచి మోకు బిగించారు. ఏనుగు ఇంకో తోపు తోసింది. మళ్లీ సడలింది. మళ్లీ వెనక్కి నడిచారు. ఎందుకో, ఎక్కడికో ఎవరూ అడగలేదు. అడగడానికి తీరిక ఏదీ? మోకు బిగించుకోవాలి. అలా ఊరు ఊరంతా, తాతలతో, తట్టల్లో బిడ్డలతో, పల్లాన్ని వదిలి మెట్టకేసి వెనక్కి వెనక్కి నడవసాగింది.

“అరిందముడు! వాడు నా కొడుకే! కొట్టండి బాణం!” అని మహారాజు పొలికేక పెట్టాడు. విలుకాళ్లు ఎక్కుపెట్టారు గాని ఒక్కడూ వదల్లేదు. గురి తప్పితే రాతికి తగులుతుంది. గంగరాతిని కొట్టిన చెయ్యి ఎవరికి కావాలి?

పాషాణభట్టు రాతి మీద మెల్లగా లేచి నిలబడ్డాడు. “తెలివైనవాడివి యువరాజా,” అన్నాడు నవ్వుతూ. “ఈ జనం రాయిని నమ్ముతారని నేనొక్కణ్నే కనిపెట్టాననుకున్నాను.” మెడలోని గులకరాయి ఒకటి తెంపి, పెద్దమ్మ రాతి మీద పడేశాడు. అంతే, రాయి కొండంత బరువెక్కింది. చక్రాలు నల్లపలకల్లోకి దిగబడ్డాయి. జీమూతం నుదుటి చర్మం చిట్లి నెత్తురు కారింది. అరిందముడు దాని చెవిలో బతిమాలాడు, ఏడ్చాడు. అది తోస్తూనే ఉంది. రాయి వెంట్రుకవాసి కదల్లేదు.

గాలి ఆగిపోయింది. ఊరి కుక్కలన్నీ ఒక్కసారే ఏడుపు లంకించుకున్నాయి.

అప్పుడు సూరమ్మ గొంతు ఖంగుమంది. “ఒరే, చూస్తారేంట్రా! పెద్దమ్మ అలిగింది! ఆమెకి కింద ఉండాలని లేదురా! పుట్టింటికి పోతానంటే మొద్దుల్లా నిలబడతారేంట్రా? లాగండి!”

అంతవరకు బండిని నిలవేసిన చేతులు లాగడం మొదలెట్టాయి. ముసలాడు లాగాడు, బాలింత లాగింది. “హైలెస్సా!” అన్న కేక వీధి ఈ చివర్నుంచి ఆ చివరకు పాకింది. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గాని, అంతమంది ఒక్కసారి గుంజితే మంత్రాలే రాలుతాయి. పాషాణభట్టు మెడలో దండ పటపటా తెగింది. గులకరాళ్లు చెల్లాచెదురయ్యాయి. రాయి కదిలింది, వాకిలి దాటింది, ఊరి పైనున్న కుంకుడుమెట్ట ఎక్కసాగింది.

మాంత్రికుడు రాతి మీదనుంచి జారి, పొగలా పలచబడుతూ అరిందముడి చెవి దగ్గర గుసగుసలాడాడు. “రాయి నీకు, యువరాజా. దీపం నాకు.”

అరిందముడు చెయ్యి విసిరాడు. వేళ్లకు తడి బూడిద అంటుకుంది, అంతే.

మెట్ట మీద, పాత గీత వెంబడి, పెద్దమ్మ రాయిని పెకలించిన గుంట ఇంకా తెరుచుకునే ఉంది. జీమూతం ఆఖరి తోపుకు రాయి బండి మీదనుంచి జారి, నిలువునా లేచి, తన గుంటలో తాను కూచుంది. జనం మోకులు వదిలి కూలబడ్డారు. సేనలతో రొప్పుతూ వచ్చిన మహారాజు కత్తి దూసి కొడుకు మీదికి వస్తున్నాడు.

అప్పుడు ఘోషిణి నోరు విప్పింది.

ముందు చప్పుడు కాదు, కాళ్లకింద నేల జలదరించింది. ఆ తరవాత మూగలోయ వైపునుంచి నల్లటి చెయ్యి ఒకటి లోకాన్ని ఊడ్చుకుంటూ వచ్చింది. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. ఆ నీరు తన పల్లం ఇంటింటికీ గుర్తుపెట్టుకుని వచ్చింది. ఇసుకలో పాతిన గంగరాళ్లను అది చూడనైనా లేదు, చింతగింజల్లా దొర్లించుకుపోయింది. మకరతోరణాలు వంగి ముక్కలయ్యాయి. సున్నపు మేడలు పాలలా పొంగి కరిగిపోయాయి. పూటకూళ్ల ఇల్లు, కక్కు కొట్టిన తిరగలితో సహా, ఒక్క గుటకలో పోయింది. మెట్ట మీద ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ముందు తమ పిల్లల తలలు తడిమి చూసుకున్నారు. అందరూ ఉన్నారు.

మహారాజు చేతిలో కత్తి జారిపడింది. “తరళ...” అన్నాడు. అటూ ఇటూ చూశాడు. “నా తల్లి ఏది? నా చేత్తోనే కూచోబెట్టాను... రాయి వచ్చేదాకా లేవొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను!” అంతటి రాజూ నేలమీద చతికిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

రాజసౌధం ఇంకా నిలబడి ఉంది. కొండరాతి పునాది కదా. చుట్టూ నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. కింది అంతస్తు అప్పుడే కనిపించడం లేదు. పై కిటికీలో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

గట్టు కిందనుంచి ఎవరో పాకుతూ వచ్చారు. గుమ్మడయ్య! చీర పీలికలైంది, మీసాలనుంచి బురద కారుతోంది. ఒంటరిగా ఉన్నాడు. అరిందముడు అతని భుజాలు పట్టి కుదిపాడు.

“ఏదిరా నా చెల్లెలు?”

“రానంది దొరా!” గుమ్మడయ్య వెక్కిళ్ల మధ్య చెప్పాడు. “గోరింకా అని పిలిచాను. నమ్మింది. సంబరపడి ఏడ్చింది. అన్నయ్య ఊళ్లోనే ఉన్నాడా, ఇంత దగ్గర్లో ప్రాణాపాయంలో ఉన్నాడా అంది. అయితే ఇప్పుడు అస్సలు లేవనంది. ఎత్తుకోబోతే దీపం గాలికి వణికింది. నా చెయ్యి కరిచి మళ్లీ దాని ముందే కూచుంది. రాయి ఈ గడప తాకాలి, అప్పుడు లేస్తాను, అన్నయ్యకు చెప్పు అంది. మెట్ల మీదికి నీళ్లొచ్చేదాకా బతిమాలాను దొరా. నన్ను గెంటేసింది.”

అరిందముడు పెద్దమ్మ రాయి వైపు చూశాడు. ఊరిని బతికించడానికి తాను మెట్టెక్కించిన రాయి. అది కిందికి వెళ్లదు గనక తరళ లేవదు. ‘దీపం నాకు’ అని పాషాణభట్టు ఎందుకు గుసగుసలాడాడో ఇప్పుడు అర్థమైంది. రాయిని మళ్లీ పల్లానికి లాగితే ఈ పిచ్చి జనం మోకులు పట్టుకుని వెంట దిగుతారు.

అతను జోలెలోంచి ఉలి తీశాడు.

“బాబూ, ఏం చేస్తున్నావు?” అంది సూరమ్మ. “ఒద్దు నాయనా! పెద్దమ్మ మీద ఇనుము పెట్టకూడదు! ఆమె విరిగితే ఏరు ఇక్కడ ఆగదు!”

“ఏటిని ఆపింది ఆమె కాదమ్మా. ఏరు రాని చోట నిలబడమని మనకు చెప్పింది, అంతే. మీరు నమ్మకపోతే నీళ్లకేసి చూడండి, నాకేసి కాదు.”

ఉలి మీద సుత్తి పడింది. తరాల పసుపు పెళ్లలు పెళ్లలుగా రాలింది. జనం చెవులు మూసుకున్నారు. కొందరు అతని మీదికి ఉరకబోతే, అందరికంటే ముందు మహారాజు లేచి, చేతులు చాచి కొడుక్కి అడ్డం నిలబడ్డాడు. ఎవరు తోసినా కదల్లేదు. రెండో దెబ్బకు పిడికెడు రాయి విరిగి అరిందముడి చేతిలో పడింది. అదే క్షణాన వరద పాత గీత దగ్గరికి వచ్చి, చెత్తాచెదారం ఒడ్డుకు నెట్టి, గుంట అంచును నాకి, ఆగింది. విరిగిన రాయి ముందే ఆగింది. సూరమ్మ వంగి ఆ తడి అంచును వేలితో తాకి చూసింది.

తరళ గడపకు తాకించడానికి అరిందముడు ఆ రాతిముక్కను నడుముకు కట్టుకుని, కొట్టుకొచ్చిన ఒక తలుపుచెక్క మీదికి దూకాడు.

నీళ్లు అతన్ని గిరగిరా తిప్పాయి. ఒక దూలం వచ్చి తలుపును రెండు చేసింది. మునిగాడు, తేలాడు, తోరణపు ముక్క ఒకటి పట్టుకున్నాడు. సౌధం దగ్గరవుతోంది. కిటికీలో దీపం, దీపం పక్కన తరళ తల స్పష్టంగా కనిపిస్తున్నాయి. చేతులు రెండూ దీపానికి అడ్డం పెట్టి, గాలి తగలకుండా కాస్తోంది. ఇంకొక్క సుడి దాటితే పై అంతస్తు గడప అందుతుంది.

ఆమె వెనక గోడ మీద ఇంకో నీడ లేచింది. బాసింపట్టు విప్పి లేచినట్టు, మెల్లగా. తరళ చూడలేదు. ఆ నీడ ఆమె భుజం మీదుగా వంగి, దీపం మీద ఒక్క ఊపిరి ఊదింది.

కిటికీ చీకటైంది.

“అన్నయ్యా!” అన్న తరళ కేక ఆ హోరులోంచి కూడా వినబడింది. అది పిలుపు కాదు. చచ్చినవాళ్లకోసం పెట్టే శోకం.

“బతికే ఉన్నాను తల్లీ! ఇక్కడే ఉన్నాను!” అని అరిందముడు గొంతు చించుకుని అరిచాడు. ఏడేళ్లు మూగబోయిన ఘోషిణి ఆ మాటను కిటికీ దాకా పోనివ్వలేదు. కిటికీ అంచు మీదికి తరళ పాదం ఒకటి ఎక్కింది.